కాయల గది తలుపు

(1961 మార్చిలో మా హైస్కూలు తెలుగు టీచరు రమణమ్మ గారి వీడ్కోలు సభలో, పదకొండో తరగతి విద్యార్థిని జోజమ్మ చేసిన ప్రసంగం)

సభకు అధ్యక్షులైన స్కూలు కమిటీ ప్రెసిడెంటు నారాయణరావు గారికి, హెడ్మాస్టరు లక్ష్మీనరసింహారావు గారికి, వేదికమీద కూర్చున్న మాస్టార్లందరికీ, చాట్రాయినుంచీ విస్సన్నపేటనుంచీ సైకిళ్ళమీద వచ్చిన పాత విద్యార్థులకు, పొద్దుటినుంచి తోటల్లో పనిచేసి కాళ్ళు కడుక్కుని నేరుగా ఇక్కడికే వచ్చిన మా అమ్మకు, ఆమె పక్కన కింద కూర్చున్న అమ్మలందరికీ, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్న ఆరో తరగతి వాళ్ళకూ ఏడో తరగతి వాళ్ళకూ నమస్కారం. కిటికీలో ఉన్నవాళ్ళు కాస్త కిందికి దిగితే లోపల ఉన్నవాళ్ళకు గాలి వస్తుంది. (నవ్వులు)

మన బడిలో ఒక ఆనవాయితీ ఉంది. వీడ్కోలు సభలో మాట్లాడే విద్యార్థి తన ప్రసంగాన్ని ముందే రాసి హెడ్మాస్టరు గారికి చూపించాలి. నేను సోమవారమే చూపించాను. ఆయన ఎంతో ఓపిగ్గా చదివి, రెండు చోట్ల ‘కన్నీటితో’ అని చేర్చి, ఎర్ర సిరాతో సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కాగితం ఇదే. ఇందులో మొదటి వాక్యం చదువుతాను. ‘అజ్ఞానాంధకారమున తడబడుచున్న మా వంటి పామరులకు జ్ఞానజ్యోతియై వెలుగొందిన మాతృమూర్తి శ్రీమతి రమణమ్మ గారు.’ రెండో వాక్యంలో కూడా ఒక జ్యోతి ఉంది. (నవ్వులు)

ఇది నేనే రాశానండీ, తప్పు హెడ్మాస్టరు గారిది కాదు. నాకు పెద్ద మాటలంటే ఇష్టం. కొత్త మాట కనిపిస్తే నోటుబుక్కు చివరి పేజీల్లో రాసుకుని, బస్సు కోసం నిలబడ్డప్పుడు కూడా నాలో నేను అనుకుంటూ ఉంటాను. కానీ రాత్రి ఈ కాగితం మళ్ళీ చదువుకుంటే, నాలుగేళ్ళుగా టీచరు గారు మా కాంపోజిషన్ పుస్తకాలమీద రాస్తూ వచ్చిన వాక్యం గుర్తొచ్చింది. ‘నువ్వు చూసింది రాయి’ అని. టీచరు గారిని జ్యోతిగా నేనెప్పుడూ చూడలేదు. జలుబు చేసి ముక్కు తుడుచుకుంటూ పాఠం చెప్పడం చూశాను. వానాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి రావడం చూశాను. పోయిన ఏప్రిల్‌లో ఒక తలుపు ఊడదీయించడం చూశాను. అందుకని ఈ కాగితం మడిచేస్తున్నాను. ఇంకో కాగితం తీస్తున్నాను. దీనిమీద సంతకం నాదొక్కదానిదే.

(హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేచారు)

హెడ్మాస్టరు గారూ, దయచేసి కూర్చోండి. నా కాండక్ట్ సర్టిఫికెట్ మీ సొరుగులో ఉందనీ, అది లేకపోతే టీచర్ల ట్రెయినింగు స్కూల్లో నన్ను చేర్చుకోరనీ నాకు తెలుసు. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. అది మర్చిపోయి మాట్లాడటం లేదు.

మీకందరికీ అందిన ఆహ్వాన పత్రికలో ‘పదవీ విరమణ సందర్భంగా’ అని అచ్చు వేశారు. విరమణ వయసు యాభై అయిదు. టీచరు గారికి యాభై ఒకటి. మధ్యలో నాలుగేళ్ళున్నాయి. ఆ నాలుగేళ్ళు ఏమయ్యాయో పత్రికలో వేయలేదు కాబట్టి నేను చెబుతాను.

పోయిన ఏడాది మేం పదో తరగతిలో ఉండగా టీచరు గారు ఒక పాత పత్రిక తెచ్చారు. అట్ట లేదు. కథ రాసినవాళ్ళ పేరున్న మూల ఎలుకలు కొట్టేశాయి. ఆరు పేజీల కథ. ఒకటే ప్రతి ఉంది కాబట్టి, నలుగురైదుగురం కలిసి కూర్చుని, ముప్ఫై రెండు మందిమీ నాలుగు రోజుల్లో దాన్ని నోటుబుక్కుల్లోకి దించుకున్నాం. కథలో ఒక మాస్టారున్నారు. మంచివారని ఊరంతా చెప్పుకుంటుంది. చదువులో చురుకైన ఒక అమ్మాయికి ఆయన పుస్తకం ఇస్తారు. ఇచ్చినట్టు అమ్మకు చెప్పొద్దంటారు. తర్వాత నా మాట అర్థమయ్యేది నీకొక్కదానికే అంటారు. తర్వాత నోట్సు రాయడానికి ఇంటికి రమ్మంటారు. దుమ్ము వస్తోందని తలుపు వేస్తారు. చెయ్యి పట్టుకుంటారు. ఆ అమ్మాయి విడిపించుకుని వెళ్ళి, మర్నాటినుంచి బడి మానేస్తుంది. పిల్లకు చదువుమీద శ్రద్ధ పోయిందని అందరూ అనుకుంటారు. కథ చివర ఊరివాళ్ళు ఆ మాస్టారికి శాలువా కప్పుతారు. అంతే కథ.

టీచరు గారు అర్థాలు చెప్పమనలేదు, సారాంశం రాయమనలేదు. పెన్సిల్ తీసుకోండి, ఈ మాస్టారు ఎక్కడ హద్దు దాటాడని మీకనిపిస్తే ఆ వాక్యం కింద గీత గీయండి అన్నారు.

మా క్లాసులో మగపిల్లలు ఇరవై ఒక్కమంది. దాదాపు అందరూ ఆరో పేజీలో, చెయ్యి పట్టుకున్న చోట గీశారు. మా శౌరి మాత్రం అసలు గీయలేదు. ఎందుకు గీయలేదురా అంటే, “చెయ్యి పట్టుకుంటే ఏమైందండీ, మా తాత కూడా నా చెయ్యి పట్టుకునే నడుస్తాడు” అన్నాడు. (నవ్వులు) మేమూ అప్పుడిలాగే నవ్వాం. టీచరు గారు నవ్వలేదు. “మీ తాత పట్టుకునే ముందు తలుపు వేస్తాడా?” అని అడిగారు. శౌరి కూర్చున్నాడు. వాడు ఇప్పుడు ఆ స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు, తల ఎత్తమనండి, వాడి గురించి మంచి మాట కూడా చెబుతాను.

ఆడపిల్లలం పదకొండు మందిమి. మేం నాలుగో పేజీలో, మూడో పేజీలో, రెండో పేజీలో గీశాం. ఒక్క అమ్మాయి మొదటి పేజీలోనే, ‘మీ అమ్మకు చెప్పకు’ అన్న వాక్యం కింద, కాగితం చిరిగేలా గీసింది.

పుస్తకాలు దిద్దడానికి తీసుకున్నప్పుడు టీచరు గారు ఆ గీత చూశారు. క్లాసులో ఏమీ అడగలేదు. మధ్యాహ్నం ఆ అమ్మాయిని పిలిచి, ఒక్కదానివీ రావద్దు, నీకు నచ్చిన స్నేహితురాలిని తోడు తెచ్చుకో అన్నారు. తోడు ఎవరు వెళ్ళారో చెప్పను. ఆ అమ్మాయి పేరూ చెప్పను.

పై ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళ కోసం కాయల గది సంగతి చెప్పాలి. మన బడికి వెనక నలభై చెట్ల మామిడి తోట ఉంది. తొలి కోత చిన్నరసాలను ఆ తోట చివరి గదిలో గడ్డి వేసి మగ్గబెడతారు. మగ్గినవి కమిటీ పెద్దల ఇళ్ళకు బుట్టల్లో వెళతాయి. రోజూ ఒకరు లోపలికి వెళ్ళి గడ్డి తీసి కాయ తిప్పాలి, పండింది వేరు చేయాలి, కుళ్ళింది పారేయాలి. ఆ పని ఆడపిల్లలది. తోట చూసే మాస్టారు రోజుకొక అమ్మాయిని పంపించేవారు. ఒక్కదాన్నే. వెనకాలే ఆయన వెళ్ళేవారు. తలుపు వేసి గడియ పెట్టేవారు. ఎందుకంటే తలుపు తీసి ఉంటే వేడి పోతుందట, కాయ మగ్గదట.

ఈ మాట ఎన్నేళ్ళు నడిచిందో తెలుసా అండీ? మాకన్నా ముందు చదివిన అక్కలు కూడా తలుపు వేసిన గదిలోనే కాయ తిప్పారట. ఎవరూ ఏమీ అనలేదు. పరాయి చోట అయితే ఎవరైనా అడిగేవారేమో. ఇది నూజివీడు సీమ. కాయ కోసమంటే ఇక్కడ మారు మాట ఉండదు. కాయ కోసమని రాత్రిళ్ళు తోటలో పడుకుంటాం, కాయ కోసమని పెళ్ళి ముహూర్తాలు వెనక్కి జరుపుతాం. కాయకు తలుపు వేసుండాలంటే వేసుండాలి. మన పిల్ల లోపల ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

లోపల ఏం జరిగిందో నేను చెప్పను, అది నాది కాదు. ఇంతమాత్రం చెబుతాను. ఆయన చెయ్యి పట్టుకున్నారు. వదలండి అంటే వదల్లేదు. ఎవరికీ చెప్పకు అన్నారు. ఆ అమ్మాయి గడియ తీసుకుని బయటికి పరుగెత్తింది.

ఇది మేం కథ చదవకముందు సంగతి. ఆ రోజు సాయంత్రం ఆ అమ్మాయి నాతో, ఇంక నాకు ఆ గదిలోకి వెళ్ళబుద్ధి కావట్లేదు జోజీ అంది. నేనేమన్నానో తెలుసా? నీకు బద్ధకం ఎక్కువైంది అన్నాను. వాళ్ళమ్మ కూడా ఆ మాటే అంది. నోటుబుక్కు వెనక రెండు వందల మాటలు రాసుకున్న నాకు, నా స్నేహితురాలు చెబుతున్నదానికి ఆ ఒక్క మాటే దొరికింది. ఈ ఏడాదంతా ఆ మాట వెనక్కి తీసుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు అందరి ముందూ తీసుకుంటున్నాను.

(ఎవరో మంచినీళ్ళు అందించబోయారు)

మంచినీళ్ళు అక్కర్లేదండీ. చెబుతాను.

ఆ అమ్మాయి మాట విన్న రోజు సాయంత్రమే టీచరు గారు మా పాకల దగ్గరకు వచ్చారు. మా అమ్మ సవరమ్మ పాతికేళ్ళనుంచి తోటల్లో కాయ కోస్తోంది, మగ్గబెడుతోంది. కాయ మగ్గడానికి గది తలుపు వేసే ఉంచాలా అని టీచరు గారు అడిగారు. మా అమ్మకు ముందు అర్థం కాలేదు. తర్వాత నవ్వింది.

“మా పాకకి తలుపే లేదు గదండీ టీచరమ్మ గారూ. తడిక అడ్డం పెట్టుకుంటాం. మా కాయ మగ్గట్లేదా ఏంటి? కాయకి గడ్డి కావాలండీ. గడియతో దానికేం పని?” అంది.

అని, నవ్వు ఆపి, టీచరు గారి ముఖం చూసి, ఎందుకు అడుగుతున్నారని అడిగింది. టీచరు గారు చెప్పారు. మా అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు టీచరు గారు పిల్ల పేరు ఎత్తకుండా, ఆ గీత సంగతీ గది సంగతీ హెడ్మాస్టరు గారికి చెప్పారు. పరీక్షలు కానివ్వండి చూద్దాం అన్నారాయన. టీచరు గారు మూడు రోజులు ఆగారు. ఆ మూడు రోజులూ, ఆడపిల్లలకు కాంపోజిషన్ ఉందని చెప్పి ఒక్కరినీ తోటలోకి వెళ్ళనివ్వలేదు. నాలుగో రోజు, బడిలో బెంచీలు బాగుచేస్తున్న వడ్రంగి పెద్దిరాజు గారిని పిలిచి, కాయల గది తలుపు రెక్కలు రెండూ ఊడదీయించారు. లైబ్రరీలో కూర్చుని చదవడానికి బల్ల లేదని, చెక్క కావాలని ఆమె మూడుసార్లు అర్జీ పెట్టుకుంటే చెక్క లేదని మూడుసార్లు జవాబొచ్చింది. అందుకని ఆ రెక్కలతో బల్ల చేయించారు. (నవ్వులు, చప్పట్లు)

ప్రెసిడెంటు గారూ, చనువు తీసుకుని ఒక మాట అడుగుతాను. పోయిన వేసవిలో మీ ఇంటికి వచ్చిన చిన్నరసాలు ఎలా ఉన్నాయండీ?

(“బానే ఉన్నాయమ్మా, తీపిగానే ఉన్నాయి” అన్నారు నారాయణరావు గారు.)

అవి తలుపు లేని గదిలో మగ్గినవండీ. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

తర్వాత విచారణ జరిగింది. టీచరు గారిమీద. బడి ఆస్తి పాడుచేశారన్నది ఒకటి, ఆడపిల్లలకు చెప్పకూడని కథ చెప్పారన్నది రెండోది. కాయల గదిలో ఏం జరిగిందని ఒక్కరు కూడా అడగలేదు. మొదటి పేజీలో గీత గీసిన పిల్ల ఎవరో తెలుసుకోవాలి, కథ నోటుబుక్కులన్నీ రేపు తెమ్మన్నారు. తెలుసుకుని ఏం చేసేవారో మాకు తెలుసు. వాళ్ళ నాన్నను పిలిచి, పరువు పోతుందని చెప్పి, పిల్లను బడి మాన్పించేవారు. కథలో జరిగింది అదే కదా.

ఆ మధ్యాహ్నం పదకొండు మందిమీ చింతచెట్టు కింద కూర్చున్నాం. ఒకటే రబ్బరు ఉంది. ఒకరి తర్వాత ఒకరం మా పాత గీతలు చెరిపి, మొదటి పేజీలో, ‘మీ అమ్మకు చెప్పకు’ అన్న వాక్యం కింద, కాగితం చిరిగేలా గీశాం. మర్నాడు కమిటీవారు పుస్తకాలు తెరిస్తే పదకొండింటిలోనూ అదే గీత. పన్నెండో పుస్తకం తెరిచారు, అందులోనూ ఉంది. అది శౌరిది. నీకేంటిరా, నువ్వు మగపిల్లాడివి కదా అని అడిగితే, “మళ్ళీ చదివానండీ” అన్నాడు. మంచి మాట చెబుతానన్నాను కదా, ఇదే.

కాబట్టి ఆ పిల్ల ఎవరని ఏడాదిగా బావుల దగ్గర లెక్కలు వేసుకుంటున్నవాళ్ళకు మా జవాబు: మేం పదకొండు మందిమి. మీకు నచ్చిన పేరు అనుకోండి.

కథ మమ్మల్ని చెడగొట్టిందన్నారు. నాకు మాటలంటే ఇష్టమని చెప్పాను కదా, కథలంటే ఇంకా ఇష్టం. అందుకని దీనికి జవాబు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. ఆ చెడు మా బడిలో మాకన్నా ముందే చేరింది. మాకు దాన్ని చెప్పడం రాలేదు. పెద్దలు, మాస్టారు, మంచివారు, ఇలాంటి మాటలన్నీ ఆయన పక్కనే ఉన్నాయి. బద్ధకం, పొగరు, అబద్ధం, ఈ మాటలన్నీ మా పక్కన ఉన్నాయి. ఎవరో పేరు తెలియని మనిషి ఎప్పుడో రాసిన ఆరు పేజీల్లో, మాకు ఏం జరుగుతోందో వరసగా రాసి ఉంది. చదివాక మాకు ఎక్కడ ఆపాలో తెలిసింది. ఆడపిల్లలకు చెప్పకూడని కథ అంటే, ఎవరికి ఇబ్బంది అని చెప్పకూడదండీ?

ఆ మాస్టారి పేరు నేను చెప్పడం లేదు. ఆయనకు భయపడి కాదు. ఆయన ఈ వేదికమీదే ఉన్నారు, నేను మాట్లాడుతున్నంతసేపూ దండలో పూలు తుంచుతున్నారు, అందరూ చూస్తూనే ఉన్నారు. ఆయన పేరు ఎత్తితే రేపటినుంచి ఊరు ఈ సభ గురించి ఆయన పేరుతోనే చెప్పుకుంటుంది. ఇది రమణమ్మ టీచరు గారి సభ.

టీచరు గారిని గౌరవంగా రాజీనామా చేయమన్నారు. చేస్తే ఆ అమ్మాయి ఎవరన్న విచారణ ఆపేస్తామన్నారు. ఈ మార్చితో ఉద్యోగం మానేస్తానని టీచరు గారు రాసిచ్చారు. నాలుగేళ్ళ ఉద్యోగం ఇచ్చి ఒక పిల్ల పేరు కొనుక్కున్నారు. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది ఎవరో కూడా చెప్పను. టీచరు గారూ, నన్ను అలా చూడకండి, చూసింది రాయమన్నది మీరే.

ఇంక అసలు సంగతి. శనివారం నూజివీడునుంచి కొత్త చెక్క వచ్చింది. వరండాలో ఉంది, వచ్చేటప్పుడు అందరూ దాటుకునే వచ్చారు. హనుమాన్ జంక్షన్‌లో కొన్న కొత్త గడియ కూడా వచ్చింది. వచ్చే నెల కోత మొదలయ్యేలోగా కాయల గదికి మళ్ళీ తలుపు పెట్టాలని తీర్మానం. ఈసారి లోపలికి వెళ్ళేది మేం కాదు. మేం పరీక్షలు రాసి వెళ్ళిపోతాం. వెళ్ళేది ఆ కిటికీలో వేలాడుతున్నవాళ్ళు.

ఇప్పుడు ఈ బల్లమీది గుడ్డ కొంచెం పైకి ఎత్తుతాను. దుర్గా, నువ్వు బల్ల పక్కనే ఉన్నావు కదా, దండలు జారకుండా పట్టుకో. ఇదుగోనండీ, మీరు పూలూ, టీచరు గారికి కానుకగా తెచ్చిన వెండి గ్లాసూ పెట్టిన ఈ బల్ల ఆ తలుపే. ఇక్కడ నాలుగు మేకుల గుర్తులున్నాయి. గడియ ఊడదీసిన చోటు. ముందు వరసలో ఉన్నవాళ్ళకు కనిపిస్తుంది.

పెద్దిరాజు బాబాయ్, వెనక ఉన్నావు కదా, నిన్నొక్కటి అడుగుతాను. కొత్త తలుపు నిన్నే చేయమన్నారట. కొలతలు తీసుకున్నావా?

(వెనక వరసలోనుంచి పెద్దిరాజు గారు లేచి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని చెప్పారు: “తీసుకోమన్నారమ్మా. తీసుకోలేదు. మా పిల్ల ఏడో తరగతి చదువుతోంది. నేను పెట్టను.”)

(కింద కూర్చున్న ఆడవాళ్ళ వైపునుంచి చప్పట్లు.)

అయిపోయిందండీ ప్రెసిడెంటు గారూ, గంట కొట్టించకండి, రెండే మాటలు. ఈ ఏడు కాయ తిప్పడానికి పిల్లలు రారు. మా అమ్మా, ఇక్కడ కూర్చున్న మరో అయిదుగురు అమ్మలూ ఇద్దరిద్దరు చొప్పున వస్తామన్నారు. వాళ్ళకన్నా బాగా కాయ తిప్పేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. మీ బుట్టలు మీకు వేళకు అందుతాయి. గదికి మాత్రం తలుపుండదు.

నా మాటలు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆపకుండా విన్నందుకు ప్రెసిడెంటు గారికి వేరేగా కృతజ్ఞతలు. హెడ్మాస్టరు గారూ, నా సర్టిఫికెట్లో మీకు తోచింది రాయండి. నా నడవడి ఎలాంటిదో ఇక్కడున్న మూడు వందల మందీ ఇప్పుడే చూశారు.

టీచరు గారూ, మీకు సెలవు ఇచ్చింది కమిటీవారు. మేం ఇవ్వలేదు. ఎప్పుడైనా ఈ దారిన వస్తే లైబ్రరీలోకి రండి. ఆ ఆరు పేజీల కథ నేను కొత్తగా, మంచి దస్తూరితో రాసి బీరువాలో పెట్టాను. పక్కన ఒక పెన్సిల్ కూడా పెట్టాను.

దుర్గా, ఆ దండలు తీసి టీచరు గారి చేతికియ్యి. గ్లాసు ప్రెసిడెంటు గారికియ్యి. పదకొండు మందీ పైకి రండి, శౌరీ నువ్వు కూడా రా, ఇది బరువు. ఈ బల్ల మళ్ళీ లైబ్రరీలో పెట్టి వస్తాం. దారిలో ఉన్నవాళ్ళు కాస్త పక్కకు జరగండి. సెలవు.